కమాన్లు అరిగిన కాపురమే కాపురం

పాఠక మహాశయులారా! ఇంటి ముందు డ్రైవ్‌వేలో కమాన్లు అరిగిపోయిన మోటార్‌హోమ్ ఒకటి లేకపోతే, అమెరికాలో ఎన్నేళ్ళున్నా తెలుగు సంసారం సుఖపడదని నా నిశ్చితాభిప్రాయం. నవ్వేవాళ్ళు నవ్వండి. మూడేళ్ళుగా ఆ సుఖం అనుభవిస్తున్నదాన్ని, మీ నవ్వులకి నేను జంకుతానా?

మోటార్‌హోమ్ అంటే ఏమిటో తెలియనివాళ్ళు కొందరుంటారు. పొయ్యి, ఫ్రిజ్, మంచాలు, బాత్‌రూమ్ అన్నీ ఒక బస్సులో ఇరికించి, ఇంట్లో చేసే చాకిరీ దారి పొడుగునా కూడా చేసుకోవడానికి వీలుగా అమెరికావాళ్ళు కనిపెట్టిన వాహనం అది. డాలస్ పక్కన మా రిచర్డ్‌సన్‌లో తెలుగువాళ్ళ మోటార్‌హోమ్ మాదొక్కటే. 1971 మోడల్. మావారు దామోదర్ దాన్ని 1981లో ఒక రిటైరైన ముసలి దంపతుల దగ్గర కొన్నారు. తాళాలు చేతికిస్తూ వాళ్ళిద్దరూ అంత సంతోషంగా ఎందుకున్నారో నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

మా రేణుకి అప్పుడు పదిహేనేళ్ళు. "ప్రతి సమ్మర్ మనం ముగ్గురం ఇందులో తిరుగుదాం. మొట్టమొదట గ్రాండ్ కాన్యన్!" అని ఆయన ఆ రోజే మాటిచ్చారు. ఆ మాట నేనూ విన్నాను, రేణూ విన్నది. రేణు ఆ సాయంత్రమే మ్యాప్ తెచ్చి గోడకి అంటించింది.

ఇక కమాన్ల సంగతి. లారీల కింద పట్టీలు పట్టీలుగా ఇనుము కట్టలు చూసే ఉంటారు. బండి బరువంతా మోసేవి అవే, వాటినే కమాన్లంటారు. కమాను చివర బోల్టు దూరే కన్నంలో ఒక రబ్బరు తొడుగు ఉంటుంది. దాని పేరు బుష్. గతుకుల్లో బండి ఎగిరెగిరి పడకుండా పట్టుకునేవి షాక్ అబ్జార్బర్లు. ఈ మూడూ కలిసి సస్పెన్షన్. మా బండిలో మూడూ అరిగాయి. దేవుడు ఇచ్చేటప్పుడు ఇలాగే కలిపి ఇస్తాడు.

ఆ వరం వల్ల కలిగిన లాభాలు ఒకటా రెండా?

ముందు ఆరోగ్యం. మావారిని డాక్టరు రోజూ వ్యాయామం చెయ్యమన్నాడు. ఈయన చేస్తారా? కానీ మోటార్‌హోమ్‌లో ఇండియన్ గ్రోసరీకి పన్నెండు మైళ్ళు వెళ్ళొచ్చిన రోజు, ఆయన ఒంట్లో కదలని కండరం లేదు. రెండు రోజులు మంచం మీద నుంచి లేవలేదు కూడా. అంత బాగా పనిచేసింది వ్యాయామం!

రెండోది వంట. ఒకసారి ఫ్రిజ్‌లో పెరుగు డబ్బా పెట్టుకుని లేక్ టెక్సోమాకి బయల్దేరాం. సగం దారి నుంచే వెనక్కొచ్చాం, అది వేరే విషయం. ఇంటికొచ్చి మూత తీస్తే పైన వెన్న తేలుతోంది! కవ్వం లేదు, కరెంటు లేదు. ఇండియా నుంచి మిక్సీ మోసుకొచ్చే ఇల్లాళ్ళారా, ఎందుకమ్మా మీకా అవస్థ?

దాంపత్యం సంగతి చెప్పనా? మామూలు కార్లో మొగుడూ పెళ్ళాం పోట్లాడుకోవడానికి అన్ని సదుపాయాలూ ఉంటాయి. మా బండిలో "అసలు మీరు" అని నేను మొదలెట్టేలోపు గతుకొస్తుంది, నాలుక కరుచుకుంటాను. ఆయన "నువ్వు మాత్రం" అనేలోపు ఇంకో గతుకు. మూడేళ్ళలో ఆ బండిలో మేము ఒక్క పోట్లాటా పూర్తి చెయ్యలేదు.

అన్నిటికన్నా గొప్పది భక్తి. మా రేణు చేత ఒక్క శ్లోకం చెప్పించడానికి పదేళ్ళు తంటాలు పడ్డాను. నోరు తిరగదంటుంది. అదే రేణు రైలు పట్టాలు దాటుతుంటే సోఫా మీద నుంచి అడుగెత్తు లేచి, "ఓ మై రామా!" అని అరిచింది. నాకు కళ్ళు చెమర్చాయి.

ఇంత మంచి సస్పెన్షన్ని ఎవరైనా మార్చుకుంటారా? కానీ మావారు ఇంజనీరు. ఇంజనీరుకి బాగా నడుస్తున్నది కనబడితే తోచదు. ఈ ఏడాది ఏప్రిల్లో ఆయన ప్రకటించారు: "షాపుకి ఎందుకు? పార్ట్స్ తెప్పించి మనమే ఇంట్లో మార్చేద్దాం. సమ్మర్‌కి గ్రాండ్ కాన్యన్ ఖాయం."

ఈసారి ఆ మాటకి బరువెక్కువ. రేణు హైస్కూలు అయిపోవచ్చింది. మిషిగన్‌లో కాలేజీ. ఆగస్టు ఇరవై రెండున ఫ్లైట్. ముగ్గురం కలిసి వెళ్ళడానికి మిగిలింది ఈ ఒక్క సమ్మరే. గోడ మీద మ్యాప్ అంచులు అప్పటికి పసుపు రంగుకి తిరిగాయి.

ఆ ప్రకటనతో కమాన్ల వల్ల కలిగే అతి పెద్ద లాభం బయటపడింది. అదే సంఘసేవ. మా ఇంట్లో మోటార్‌హోమ్ విప్పుతున్నారని తెలియగానే డాలస్ చుట్టుపక్కల ఉన్న తెలుగు మేధ అంతా శనివారం ఉదయానికి మా డ్రైవ్‌వేలో దిగింది. మొత్తం తొమ్మిది మంది. నాలుగు పి.హెచ్.డీలు, నాలుగు ఎమ్.ఎస్.లు, ఒక ఎమ్.డి. బండి కిందికి దూరినవాళ్ళ సంఖ్య ఒకటి. ఆ ఒకటీ మావారే, పాపం, అబద్ధమెందుకు చెప్పాలి?

తొమ్మిది మందిలో ఇద్దరి గురించి చెప్తే చాలు. ఒకరు జగదీష్ గారు. యంత్రాల కంపనాల మీద పి.హెచ్.డి. చేశారు. లాన్ చెయిర్లో కూర్చుని, ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె మీద మా బండి ఎందుకు ఊగుతోందో లెక్కలు వేసి నిరూపించేవారు. ఊగుతోందని మాకూ తెలుసు. కానీ నిరూపణ లేదు కదా!

రెండోవారు శ్యామ్‌సుందర్ గారు. ఆపరేషన్లకి మత్తిచ్చే డాక్టరు. ఆయన మాట్లాడేటప్పుడు కూడా వృత్తిధర్మం తప్పరు. పంచాంగం చూడకుండా గోళ్ళు కూడా తీసుకోరు.

నా బాధ్యత టీ. శనివారానికి నాలుగు విడతలు. విడతకీ విడతకీ మధ్య టీ కాగేదాకా వంటింట్లో నించునే ఉండాలి. ఏం తోస్తుంది? మావారు లైబ్రరీ నుంచి ఈ బండి రిపేర్ మాన్యువల్ తెప్పించారు. మొదటి వారం దాని మీద కప్పులు పెట్టుకున్నారు. ఆ మరకలు తుడుస్తూ ఒక పేజీ చదివాను. తర్వాత ఇంకోటి. కథల పుస్తకాల కన్నా బాగుంది. ఎవరు ముందు ఊడాలి, ఎవరు తర్వాత ఎక్కాలి, అంతా వరసగా ఉంది. గుంటూరులో నేను బి.ఎస్సీ. ఫిజిక్స్ చదివానని నాకే గుర్తొచ్చింది. జూన్ నెలాఖరుకి పుస్తకం రెండోసారి పూర్తి చేశాను. ఆ తొమ్మిది మందీ ఇంకా ముందుమాట దాటలేదు.

జులై మధ్యకి కొత్త కమాన్లు, కొత్త బుష్‌లు, కొత్త షాక్‌లు ఎక్కాయి. వెనక భాగమంతా స్టాండ్ల మీద నిలబడింది. చక్రాలు గాల్లో వేలాడుతున్నాయి. ఇక బోల్టులు బిగించి దించడమే.

దించడమంటే మాటలా? ముహూర్తం వద్దూ? శ్యామ్‌సుందర్ గారు పంచాంగం విప్పారు. అది రాజమండ్రి సూర్యోదయానికి రాసింది. దాన్ని డాలస్ సూర్యోదయానికి మార్చాలి. వేసవికి గడియారం ముందుకి జరిపే డేలైట్ సేవింగ్ గంట కలపాలా, తియ్యాలా అని తొమ్మిది మందీ గంటన్నర వాదించుకున్నారు. వాళ్ళలో ఇద్దరు రాకెట్లకి లెక్కలు కట్టేవాళ్ళు. చివరికి హ్యూస్టన్‌లో ఉన్న పంతులుగారికి ఫోన్ చేస్తే ఆయన తేల్చారు: చక్రాలు భూమికి తగలాల్సింది ఆదివారం ఉదయం పది నలభై రెండుకి. శ్యామ్‌సుందర్ గారు ఇంకో షరతు చేర్చారు. చక్రం భూమికి తగిలాక బండికి పనిముట్టు తాకించకూడదట. కాబట్టి బిగింపులన్నీ శనివారమే, చక్రాలు గాల్లో ఉండగానే అయిపోవాలి.

నేను మూడో విడత టీ ట్రేతో, చంకలో పుస్తకంతో వచ్చాను.

"ఏమండీ, ఆ బుష్ బోల్టులు ఇప్పుడే గట్టిగా బిగించకూడదుట. బండి కిందికి దించి, బరువంతా చక్రాల మీద పడ్డాక బిగించాలిట. గాల్లో బిగిస్తే రబ్బరు ఆ పొజిషన్‌లోనే పట్టేసుకుంటుంది. దించగానే మెలిపడి చిరిగిపోతుంది. ఇదిగో, రెండువందల పన్నెండో పేజీ."

జగదీష్ గారు నావైపు ఎంతో దయగా చూశారు.

"అది జనరల్ స్టేట్‌మెంట్ వదినగారూ. అన్ని బళ్ళకీ కలిపి రాసేస్తారు. మన కేస్‌లో ఫ్రీక్వెన్సీ వేరే. అన్నట్టు, టీలో కాస్త అల్లం వెయ్యగలరా?"

"దించాక మళ్ళీ పానా పట్టుకుంటే ఇక ముహూర్తం ఎందుకమ్మా?" అన్నారు శ్యామ్‌సుందర్ గారు. "పెళ్ళయ్యాక జాతకాలు చూసినట్టుంటుంది."

మావారు బండి కింద నుంచి తల బయటికి పెట్టారు. పుస్తకం వైపు చూశారు. తొమ్మిది మంది వైపు చూశారు. "తర్వాత చూద్దాంలే శశీ" అని మళ్ళీ లోపలికి దూరి, ఉన్న బలమంతా పెట్టి గాల్లోనే బిగించేశారు.

నేను వంటింట్లోకెళ్ళి టీలో అల్లం వేశాను.

ఆదివారం మహా వైభవంగా జరిగింది. బండికి పసుపు రాశారు, బొట్టు పెట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. సరిగ్గా పది నలభై రెండుకి బండి నేలకి దిగింది. కొబ్బరికాయ కొట్టారు, హారతిచ్చారు. పద్నాలుగు మంది ఎక్కి మా వీధుల్లో రెండు చుట్లు తిరిగారు. ఎదురింటి అమెరికావాళ్ళు అది పెళ్ళనుకుని చప్పట్లు కొట్టారు. బండి పట్టులా నడిచింది. కొత్త రబ్బరు కదా, మొదట్లో ఎంత మెలిపెట్టినా ఓర్చుకుంటుంది.

జులై ఇరవై ఎనిమిదిన గ్రాండ్ కాన్యన్‌కి బయల్దేరాం. పులిహోర, పెరుగన్నం, అప్పచ్చులు, పది రోజుల బట్టలు. రేణు గోడ మీద మ్యాప్ ఊడదీసి ఒళ్ళో పెట్టుకుంది. ఫోర్ట్ వర్త్ దాటాం. ఇంకో నలభై మైళ్ళు పోయామో లేదో, వెనక నుంచి కీచుమని శబ్దం. పాత తలుపు తీసినట్టు. కాసేపటికి కీచు పోయి ఠక్కుమంది. తర్వాత ప్రతి గతుక్కీ ఠక్కు. పెట్రోలు బంకు దగ్గర ఆపాం. బండి ఒకపక్కకి ఒరిగి ఉంది.

మావారు కిందికి దూరి బయటికొచ్చారు. అరచేతిలో చిరిగిన రబ్బరు ముక్క. నావైపు చూడలేదు. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో నేను అంత కష్టపడి ఊరుకున్నది ఆ ఒక్కసారే.

పాతిక మైళ్ళ స్పీడులో నాలుగు గంటలు నడిపి ఇంటికి తిరిగొచ్చాం. దారిలో మావారు, "వచ్చే సమ్మర్ తప్పకుండా వెళ్దాం రేణూ" అన్నారు.

"ఇట్స్ ఓకే నాన్నా" అంది రేణు. "నెక్స్ట్ సమ్మర్ ఐ మైట్ హావ్ ఎ జాబ్. నేను ఉంటానో లేదో. ఇట్స్ రియల్లీ ఓకే." మ్యాప్ మడిచి డ్రాయర్లో పెట్టి, వాక్‌మన్ చెవులకి తగిలించుకుని వెనక మంచం మీదికెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది.

అది అలిగి ఉంటే బాగుండేది. కాళ్ళు నేలకేసి కొట్టి ఏడ్చినా బాగుండేది. మమ్మల్ని నొప్పించకూడదని అంత మెత్తగా చెప్పింది. ఈ పేరాలో కూడా కమాన్ల లాభమేదో చెప్పాలి. నావల్ల కావడం లేదు, క్షమించండి.

సోమవారం ఉదయం మావారు ఆఫీసుకెళ్ళగానే పార్ట్స్ షాపుకి ఫోన్ చేసి బుష్‌ల పార్ట్ నంబర్లు చదివాను. అవతల అమ్మాయి, "ఈజ్ యువర్ హస్బెండ్ దేర్?" అంది.

"హీ ఈజ్ ఎట్ వర్క్. సో యామ్ ఐ" అన్నాను.

గురువారం డబ్బా వచ్చింది. లూసీకి ఫోన్ చేశాను. లూసీది భీమవరం, ఇక్కడ హాస్పిటల్లో నర్సు. రెండువందల యాభై పౌన్ల పేషెంట్లని ఒంటిచేత్తో పక్కకి తిప్పే మనిషి.

"రేపు నాకు ఆఫే. ఎన్నింటికి రాను?" అంది.

"మంచి టైమేదో చూడాలిగా."

"నాకు మంచి టైమంటే పిల్లలు స్విమ్మింగ్‌కి పోయే టైమేనే. తొమ్మిదింటికొచ్చేస్తా."

శుక్రవారం, ఆగస్టు మూడు. తొమ్మిదింటికి లూసీ, నేను, రేణు డ్రైవ్‌వేలో దిగాం. ముగ్గురికీ మావారి పాత చొక్కాలు. ముందు చక్రాల కింద ఈసారి నిమ్మకాయలు కాదు, చెక్క దిమ్మలు పెట్టాం. లూసీ కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ జాకీ జారకుండా నువ్వే పట్టుకో తండ్రీ" అని ప్రార్థన చేసింది. నేను మనసులో ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకున్నాను. ఇద్దరూ తలో పక్కా పట్టుకుంటే మంచిదే కదా!

చిరిగిన బుష్‌లు బయటికి లాగడానికి గంటన్నర పట్టింది. పుస్తకంలో చెప్పినట్టే పొడుగు బోల్టు, రెండు పెద్ద వాషర్లు, ఒక గొట్టం ముక్క, ఇవే పనిముట్లు. బయటికొచ్చిన రబ్బరు జిడ్డుగా, ఉబ్బి ఉంది. తొమ్మిది మంది మేధావులూ బుష్ సులువుగా దూరుతుందని కొబ్బరినూనె రాశారు! కుక్కర్ గ్యాస్కెట్‌కి నూనె తగిలితే ఏమవుతుందో ఏ ఇల్లాలినడిగినా చెప్పేది. మేము గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు రాశాం. కొత్త బుష్‌లు బుద్ధిగా లోపలికెళ్ళి కూర్చున్నాయి.

బోల్టులు చేత్తో తిప్పి వదిలేసి, బండిని కిందికి దించాం. నీళ్ళ ట్యాంకు నింపాం. బియ్యం బస్తా ఎక్కించాం. బరువంతా చక్రాల మీద పడ్డాక మళ్ళీ కిందికి దూరాం. రేణు బోల్టు తల పట్టుకుంది. నేను పానా పట్టాను. లూసీ నా చేతుల మీద చేతులేసింది. "లాగు, లాగు, ఇంకొంచెం, ఊపిరి పీల్చు!" అంది, కాన్పు వార్డు అలవాటు. నాలుగోసారికి పానా ఇక కదలనంది.

రేణు పక్కనే పడుకుని నన్నే చూస్తోంది. ముక్కు మీద గ్రీజు. "అమ్మా, యూ నో ఎవ్రీథింగ్! ఇదంతా ఎప్పుడు నేర్చుకున్నావ్?"

"టీ కాగేలోపు" అన్నాను.

అది పడీ పడీ నవ్వింది. జులై ఇరవై ఎనిమిది తర్వాత దాని నవ్వు వినడం అదే మొదలు.

సాయంత్రం మావారొచ్చారు. డ్రైవ్‌వేలో పాత బుష్‌ల గుట్ట చూశారు. నా గోళ్ళు చూశారు. బండి కిందికి వంగి ఒక్కొక్క బోల్టూ చేత్తో తడిమి చూశారు.

"ఎవరు బిగించారు?"

"మేమే. నేల మీద."

ఆయన అక్కడే గొంతుక్కూర్చుని పాత బుష్ ఒకటి చేతిలోకి తీసుకున్నారు. "ఆ రోజే వినాల్సింది శశీ" అన్నారు. మంచి మనిషి. నా ఒక్కదాని ముందైతే ఏ తప్పైనా ఒప్పుకుంటారు. ఇబ్బందల్లా పదిమందిలోనే.

ఆ పదిమందీ, లెక్కకి తొమ్మిది మందే, బండి సగం దారిలో తిరిగొచ్చిందని విని మర్నాడు శనివారం ఠంచనుగా వచ్చారు. జగదీష్ గారు వెనక బంపర్ మీద ఎక్కి రెండుసార్లు ఊగి దిగారు. బండి ఒక్కసారి కిందికెళ్ళి, పైకొచ్చి, ఆగిపోయింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"చూశారా? రబ్బరు సెటిల్ అయింది! దానికి టైమివ్వాలి. నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాను."

"ముహూర్తబలం కూడా కలిసింది" అన్నారు శ్యామ్‌సుందర్ గారు.

మావారు గొంతు సవరించుకున్నారు. చెప్తారనుకున్నాను. తలుపు దగ్గర రేణు కూడా నిలబడి అదే అనుకుంది. ఆయన నావైపు చూసి, వాళ్ళవైపు చూసి, "టీ తాగుదామా?" అన్నారు.

ఆదివారం బయల్దేరాం. పది రోజులు, రెండువేల రెండువందల మైళ్ళు, ఒక్క కీచు లేదు. గ్రాండ్ కాన్యన్ ఎలా ఉంటుందో అందరూ చెప్తారు కాబట్టి నేను చెప్పను. న్యూ మెక్సికోలో ఒక మధ్యాహ్నం రేణు నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. రోడ్డు అక్కడ ఏమంత బాగాలేదు. దాని తల ఒక్కసారి కూడా ఎగరలేదు. నేను బిగించిన బోల్టుల మీద నా కూతురు నిద్రపోతోందనుకుంటే ఏడుపొచ్చింది. సంతోషంతోనే వచ్చింది. భుజం తిమ్మిరెక్కినా రెండు గంటలు కదల్లేదు.

ఆగస్టు ఇరవై రెండున రేణుని విమానం ఎక్కించి వచ్చాక, ఇంట్లో ఏమీ తోచక శ్యామ్‌సుందర్ గారు మర్చిపోయి వెళ్ళిన పంచాంగం తిరగేశాను. ఆగస్టు మూడు, శుక్రవారం. మేము బండి చక్రాలు నేలకి ఆనించింది పదకొండుంపావుకి. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. రాహువుకి ఫిజిక్స్ వచ్చునేమో మరి.

ఇప్పుడు అసలు విషయం. మన తెలుగు సంఘం దీపావళికి సావనీరు, అంటే ప్రత్యేక సంచిక, వేస్తోంది. మీ చేతిలో ఉన్నది అదే. సంపాదకవర్గంలో ఎవరున్నారో చెప్పక్కర్లేదు, శనివారాలు మా డ్రైవ్‌వేలో చూసుకోవచ్చు. వాళ్ళు మావారిని ఒక టెక్నికల్ వ్యాసం అడిగారు. పన్నెండో పేజీలో ఉంది, చదవండి: "ఇంటి వద్దనే సస్పెన్షన్ మార్పిడి: ఒక ఇంజనీరు అనుభవాలు." పటాలు వేసింది డాక్టర్ జగదీష్. మావారు ఆ వ్యాసం రాస్తూ భోజనాల బల్ల దగ్గర నుంచి అడిగారు.

"శశీ, అది ఏ పేజీ?"

"ఏది?"

"అదే, దించాక బిగించాలని..."

"రెండువందల పన్నెండు."

శ్రద్ధగా రాసుకున్నారు.

సంపాదకులు నన్ను కూడా మర్చిపోలేదు. "వదినగారూ, మీరు ప్రయాణాలకి పనికొచ్చే పులిహోర గురించి ఒక పేజీ రాసివ్వండి. ఆడవాళ్ళు ఇష్టంగా చదువుతారు" అన్నారు. కాదనడానికి నేనెవరిని? ఇదిగో, అడిగిన పులిహోర.

ముందుగా చింతపండు నానబెట్టుకోండి. అది నానేలోపు బండి ఎత్తి, స్టాండ్ల మీద నిలబెట్టి, పాత బుష్‌లు ఊడదీయండి. కొత్తవాటికి సబ్బు నీళ్ళు రాసి దూర్చండి. నూనె పోపుకి దాచుకోండి. బోల్టులు చేత్తో మాత్రం తిప్పి వదిలెయ్యండి. అన్నం పలుకుగా వండి, పసుపు కలిపి పళ్ళెంలో ఆరబెట్టండి. బండిని నేల మీదికి దించండి. బరువంతా చక్రాల మీద పడ్డాక, మళ్ళీ చెప్తున్నాను, పడ్డాకే, బోల్టులు గట్టిగా బిగించండి. చేతులు కడుక్కుని పోపు వేసి, పులుసు కలపండి. రెండు రోజులు నిలవుంటుంది. బిగింపు అంతకన్నా ఎక్కువ కాలం ఉంటుంది.

ఇది జనరల్ స్టేట్‌మెంటే. అన్ని బళ్ళకీ కలిపే రాశాను. ఎవరికైనా సందేహాలుంటే శనివారం మా ఇంటికి రండి. నేను బండి కింద ఉంటాను, ముందు వైపు కమాన్లు కూడా చూడాలి. టీ మావారు పెడతారు. అల్లం కావలసినవాళ్ళు ఆయనకి ముందే చెప్పండి.